తడవని గొడుగు

శవాన్ని ముందు నేనే పెట్టాను.
ఐనావరంలో, మూడో అంతస్తు మీద, నీళ్ళ ట్యాంకు పక్కన,
నాలుగో పేజీ, పైనుంచి ఆరో వాక్యంలో.
విరూపాక్షం చదివి కళ్ళజోడు తీశాడు.
"ఇక్కడ రెండ్రోజుల్లో వాసనొస్తుంది. మనకి వారం కావాలి."
ఇన్సూరెన్స్ సర్వేయరు కదా,
చావుల సంగతి ఆయనకే వదిలేశాను.
ధనకోటి మొదలియారుని కాసిమేడు ఐసు ఫ్యాక్టరీకి మార్చాం.

(కాగితం మీద గనక పేరు పెట్టి రాస్తున్నాను.
ఇంట్లో 'ఏవండీ'యే.)

కామాలూ దీర్ఘాలూ నా పద్దు.
ప్రెస్సులో ఇరవై రెండేళ్ళు
ఒకరి తప్పులు ఇంకొకరికి తెలియకుండా దిద్దినదాన్ని.
బేసి అధ్యాయాలు నావి, సరి అధ్యాయాలు ఆయనవి.
కేసు పట్టేది కనకాంగీ, ఆమె మొగుడు సోమసుందరమూ.
మాకంటే పదిహేనేళ్ళు చిన్న.
మేడమెట్లు పరుగున ఎక్కుతారు.

ఆరో అధ్యాయం ఆయనది.
పాలు తోడేసి వచ్చి, భోజనాల బల్ల దగ్గర చదివాను.

'ఊరంతా వాన. మైలాపూరు నుంచి వస్తున్నానంది ఆవిడ,
బస్టాపు దాకా నడిచానంది.
సోమసుందరం తలుపు వెనక కొక్కేనికున్న గొడుగు తాకి చూశాడు.
పొడిగా ఉంది.
మడతకి కట్టిన దారం కూడా విప్పలేదు.'

ఒకచోట దీర్ఘం తప్పింది. దిద్దాను.
అక్కడే ఆగింది పెన్ను.

తొమ్మిదేళ్ళ కిందటి నవంబరు.
సబ్‌వేలో బస్సు మునిగిన రోజు.
మైలాపూరులో పిన్నిని చూసొచ్చానని చెప్పింది నేను.
వానలో నడిచానని కూడా చెప్పాను,
ఎవరూ అడక్కుండానే.
వెళ్ళింది విల్లివాక్కం.
ఒంటిగది, కుళాయి బయట, అడ్వాన్సు మూడువేలు.
వచ్చింది ఆటోలో, గుమ్మం దాకా.

ఆ సాయంత్రం టవలిచ్చాడు.
"కాఫీ పెట్టనా?" అన్నాడు.
గొడుగు ఎప్పుడు ముట్టుకున్నాడో!

మర్నాడు నా వంతు. ఏడో అధ్యాయం.

'మొదలియారు ఎడమ మణికట్టు చుట్టూ తెల్లటి పట్టీ.
బస్సులో ఎవరో కొట్టేశారన్న గడియారం
షావుకారుపేటలో తాకట్టులో ఉంది.
చీటీ పాత పంచాంగంలో, డెబ్బయ్యో పేజీ దగ్గర దొరికింది
కనకాంగికి.'

పల్లీలు వలుస్తూ చదివాడు.
వలవడం ఆపాడు.
గోడ మీద బల్లి ఫ్యానుకేసి పోయింది.
"చీటీ మీద తేదీ కూడా వెయ్యి,"
అన్నాడు చివరికి,
"చదివేవాళ్ళకి అనుమానం మిగలకూడదు."
వేశాను. వెతుక్కోనక్కర్లేదు, గుర్తే.
ఇవ్వొద్దు, ఇవ్వొద్దని నేను ఏడ్చిన వారానికే
తమ్ముడి అప్పు తీరిన తేదీ.

అప్పట్నుంచీ నవల జోరందుకుంది.
పాలవాడి నోటుబుక్కులో ఒక సున్నా తేడా.
తెరవని ఉత్తరం. రెండు తాళంచెవుల్లో ఒకటి కొత్తది.
వీటిలో సగం మొదలియారుకి సంబంధించినవి కావు.
హంతకుడు మమ్మల్ని చూసి
హాయిగా బీచి గాలికి వెళ్ళి ఉంటాడు.

నిన్న రాత్రి పన్నెండో అధ్యాయం నా ముందుకి తోసి
వీధి గేటు వేసొస్తానని లేచాడు.
గేటు ఎనిమిదింటికే వేశాం.

ఆఖరి పేరాలో కనకాంగిని మొగుడు అడుగుతున్నాడు:
'ఆ గది ఎలా ఉండేది?'

మా నవలలో ఏ గదీ లేదు.
పన్నెండు అధ్యాయాలూ తిరగేశాను. లేదు.
ప్రూఫుల్లో ఇలాంటి వాక్యం వస్తే
మార్జిన్‌లో ప్రశ్నార్థకం వేసి కొట్టెయ్యడమే నా ఉద్యోగం.

కింద గేటు గొళ్ళెం తీసిన చప్పుడు.
మళ్ళీ వేసిన చప్పుడు.

పెన్ను మూత తీశాను. సరి అధ్యాయమని కూడా చూడలేదు.

'కిటికీ ఒకటే.
రైలు వెళ్తే గోడ అదిరేది.
చాప కొన్నాను. పరవలేదు.'

మెట్ల మీద అడుగులు,
మోకాలు నొప్పి గనక ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా.

మొదలియారుగారూ,
కాసిమేడులో, ఆ ఐసు కింద,
ఇంకొక్క రాత్రి ఓపిక పట్టండి.