ఏ పద్దు కింద?

మార్చి ముప్పై ఒకటి. రాత్రి పదిన్నర.
ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ రెండో అంతస్తులో
ఇంకా వెలుగుతున్న కిటికీ నాది.
అద్దం మీద వేలితో రాస్తే
అక్షరం నిలబడేంత దుమ్ము.

ఫోన్లో కూతురు: "మా, ఇంకా లెక్క కుదర్లేదా?"
లేదు బుజ్జీ. నాలుగు వందల పన్నెండు రూపాయలు
యాడనో దాక్కున్నాయి.
"అయితే మంచం కింద చూడు" అని పెట్టేసింది.

తొమ్మిదేళ్ల కిందట ఇదే రాత్రి
దానికి నాలుగో నెల.
పాత లెడ్జర్ల గదికి గొళ్లెం లేక
తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి
బీరువా వైపు తిరిగి నిలబడి
పాలు పిండి బేసిన్లో పారబోశాను.
తెల్లటి బేసిన్లో తెల్లటి ధార,
ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.
తడిసిన జాకెట్టుకు ఫైలు అడ్డం పట్టుకొని మీటింగుకు పోతే
అప్పటి పెద్దసారు, చెడ్డవాడేం కాదు,
"ఖాసింబీ, నీకెందుకమ్మా ఈ తిప్పలు,
జీతాల సెక్షన్‌కు పో, ఐదింటికే ఇల్లు చేరొచ్చు" అన్నాడు.
ఆ దయను జమలో రాయాలో ఖర్చులో రాయాలో
ఇప్పటికీ తెలీదు నాకు.

ఇప్పుడాయన కుర్చీలో నేను.
కిందటి జూన్‌లో
కాటా దగ్గర చీట్లు రాసే చౌడేశ్వరి
రాజీనామా కాయితం తెచ్చింది.
కారణం అన్నచోట ఖాళీ.
"ఏంటికి?" అంటే, లారీ ఎక్కిన కాటా ముల్లులా
కాసేపు ఊగి ఆగి,
"బిడ్డ పాలకేడుస్తాండాది మేడమ్.
లారీలోళ్లు సూస్తాండారు."

చింపి పారేయడానికి సినిమా కాదు కదా.
కాయితం సొరుగులో పెట్టి
లెడ్జర్ల గది కొలతలు తీయించాను.
అంచనా వేసింది ఓబులేసు.
చెవులు వినపడవు. ఫోన్లెత్తలేడని
ఇంటర్వ్యూలో ముగ్గురు వద్దన్న పిల్లోడు.
వాడూ నేనూ కాలిక్యులేటర్ చుట్ట కాయితం వెనకాల
పెన్సిలుతో మాట్లాడుకుంటాం.
పరదా, చిన్న ఫ్రిజ్జు, రెండు కుర్చీలు, ఆయా జీతం,
చివర్లో వాడంతట వాడే రాశాడు:
గొళ్లెం, లోపలివైపు.
కింద రెండు గీతలు.

హైదరాబాదు నుంచి తెర మీద ఎనిమిది తలకాయలు.
"ఇది ఏ పద్దు కింద? రాబడి ఏంటి?"
కొత్తమనిషికి పని నేర్పే ఖర్చు,
ఈలోపు కాటా ముందు నిలిచిపోయే లారీల గంటలు,
అన్నీ కట్టి చూపించాను. సరేనన్నారు.
గెలిచాననే అనుకున్నా గానీ
పసిదాని ఆకలికి అంకెలు వేసి చూపించడం
గొంతులో చెనిక్కాయ పొట్టులా
రెండు రోజులు అడ్డం పడింది.

ఇప్పుడు, పదకొండు దాటాక,
వరండా చివర గొళ్లెం పడిన చప్పుడు.
రాత్రి షిఫ్టులో ఎవరో తల్లి.
ఓబులేసుకు వినపడదు.
బల్ల మీద వేలితో ఒకసారి కొట్టాను.
అదురు తెలిసి తలెత్తి,
నేను చూస్తున్న వైపు చూసి, నవ్వి,
మళ్లీ బిల్లుల్లో మునిగాడు.

నాలుగు వందల పన్నెండు ఇంకా దొరకలేదు.
ఎందుకైనా మంచిదని
బల్ల కింద కూడా
ఒకసారి వంగి చూశాను.