ఆది జాకెట్టు

దేవరకొండ బస్టాండు ఎనుక సందుల
నాది లేడీస్ టైలరు దుకాణం.
ఎవరొచ్చినా ముందుగాల ఒక్కటే అడుగుత:
"ఆది తెచ్చినవా?"
టేపు అబద్ధం చెప్పదు గని
ఏడ పట్టుకుంటదో, ఏడ ఊపిరాడదో
ఏసుకొని ఇడిచిన జాకెట్టుకే ఎరుక.

ఆయితారం పొద్దుమీకి లైబ్రరీకి పోత.
కుర్సీలన్ని గ్రూప్-టూ పోరగాండ్లయే.
నన్ను చూసి ఒక్కడు లేస్తడు, గోప్యా నాయక్,
తండాకెల్లి సైకిల్ మీద వచ్చెటోడు.
భయానికా, మర్యాదకా,
నేనెన్నడు అడుగలే. కూసుంట.

"మా అసుంటోల్లున్న కథ ఇయ్యుండ్రి సారూ" అన్న.
మైసయ్య సారు కండ్లద్దాలు తుడుసుకొని
మూడు బుక్కులు దుమ్ము దులిపి పెట్టిండు.

ఒకదాంట్ల నేను నూటపన్నెండో పేజీల రైలు కింద పడ్డ.
ఒకదాంట్ల ఊరందర్ని దీవించి
ఎవ్వరింట్ల బువ్వ తినకుంటనే ఎల్లిపోయిన.
మూడోది మొత్తం ఆపరేషనే.
దవాఖాన తలుపు సందులకెల్లి
తొంగి చూసుకుంట రాసినట్టుంది.

"మంచి పేరున్న బుక్కులాయె, నచ్చలేదా?"
"బాగనే ఉన్నయి సారూ. రెడీమేడ్.
సంకల కాడ బిర్రు, నడుము కాడ లూజు."

"మరి నీకెట్లాంటిది కావాలె?"

నువ్వేందని అడిగినోల్లు బజారు నిండ ఉన్నరు.
నీకేం ఇష్టమని అడిగినోడు
ఈయనొక్కడే.
మెడల టేపు తీసుడు మరిచి వచ్చిన్నేమో,
దాన్ని ఏలుకు చుట్టుకుంట చెప్పిన:

దొంగతనం ఉండాలె సారూ. పెద్దది కాదు,
బత్తాయి తోటల కరెంటు మోటరు పోవాలె.
పట్టుకునేటామె నా అసుంటిదై ఉండాలె.
ఊల్లె ఎవరు చిక్కినరో, ఎవరు బలిసినరో,
ఎవరు ఉన్నట్టుండి కొత్త బట్ట కుట్టిచ్చినరో ఆమెకెరుక గద.
పంటి నొప్పి ఉండాలె, మా దిక్కు నీళ్ళు అసుంటియి.
జెర కోపిష్టిది కావాలె.
దుకాణం కిరాయి గీసి గీసి బేరమాడాలె.
వాన పడాలె, డిండి అలుగు దుంకాలె.
ప్రేముంటె ఉండనీ, చీరె అంచు లెక్క, సన్నగ.
ఆమె ఎందుకట్లయిందో మాత్రం
ఒక్క చాప్టరు గూడ ఒద్దు.
మీ డిటెక్టివు ఎందుకు మొగోడైండో
ఎవ్వలన్న రాసిండ్రా?

సారు నవ్వలే. చిట్టీ మీద రాసుకున్నడు:
"మోటరు. పన్ను. వాన."

అప్పటిసంది ఆయనే ముందుగాల సదివి
అట్ట లోపల చిట్టీ పెడుతుండు.
"సావదు. గని వంట లేదు."
"ఇద్దరున్నరు, ఇద్దరు మంచోల్లే. ఇసుగొస్తది."
"అరవై పేజీల దాంక ఓపిక పట్టు."
నల్గొండ కెల్లి తెప్పిచ్చిందైతే సగం చెదలు తిన్నది:
"మొగులు గురించి బాగ రాసిండు.
మిగిలింది పురుగులకు నచ్చినట్టుంది."
గోప్యా గూడ ఒకనాడు ఫోన్ల ఏదో కథ చూపెట్టి
"నీ కొలతకొస్తదా అక్కా?" అన్నడు.
రాలే. అన్నడు గద, చాలు.

పోయిన నెల చిట్టీ:
"సస్తది. అయినా సదువు."

మండింది నాకు. మూడు దినాలు
బట్ట ముక్కల కింద పడేసిన.
నాలుగోనాడు కరెంటు పోయి మిషిను ఆగితె తెరిసిన.
అండ్ల ఆమెకు డెబ్బై ఏండ్లు.
నల్ల కాడ పక్కింటామెతోని కొట్లాడి, గెలిచి,
ఎండల మంచమేసుకొని ఒరిగింది.
సచ్చిపోయిందని గూడ రాయలే.
చాయ సల్లారిందని రాసిండ్రు.

మోటరు దొంగ ఇంక దొరకలే.
ఈ బుక్కుకు గూడ నడుము కాడ
ఒక కుట్టు ఇప్పాలె.
సారు వాపసు అడిగిండు.
ఇయ్యను సారూ, ఫైను రాసుకోండ్రి,
ఆది కింద ఉంచుకుంట అన్న.
దినానికి రూపాయట.
ఎక్కనీ.