సున్నా చివర

టేపుకి రెండు చివరలు.
అంకెలున్న చివర అమీను గౌరాంగ పట్నాయక్ గారిది,
సున్నా ఉన్న చివర నాది.
ఇరవై రెండేళ్లుగా బరంపురంలో
ఏ గోడ ఎక్కడ మొదలవ్వాలన్నా
నా బొటనవేలి కిందే మొదలైంది.

ఈ ఏడు స్టేడియం కోసం మూడు చోట్ల వంగాను.

మొదటిది గోపాల్‌పూర్ దారిలో, మొగలి పొదల అవతల.
ముళ్లు చొక్కా చింపి
వాసన పూసి పంపించాయి.
పూలు కోసే కుర్రాడు నిచ్చెన దిగకుండానే అడిగాడు:
"ఎంతమంది కూకుంటారు బావూ?"
ముప్పై వేలమంది, అన్నాను.
"ఆఖరి బస్సు ఆరింటికే. మరి ఎలాగెళ్తారు?"
ఆ ప్రశ్న రాసుకోడానికి
ఫీల్డ్ బుక్కులో గడి లేదు.

రెండోది పాత గోదాముల వెనక, రైలు కట్ట పక్కన.
తుఫాను ఏడాది ఇక్కడ పడవ నడిచిందని
టీకొట్టు దండపాణి గోడ మీద మరక చూపించాడు.
మరక అతని భుజం దాకా ఉంది.
"మట్టి పోసి ఎత్తు చేస్తారులే" అన్నారు పట్నాయక్ గారు.
మరి ఆ నీళ్లు ఎటు పోతాయి?
ఇద్దరం మా ఇళ్లున్న దిక్కు చూసి
టీ తాగాం.

మూడోది చెప్పబుద్ధి కాదు.
నేతవీధి చివర పడుగు మైదానం.
తెల్లారగట్ల మా నాన్న అక్కడ పట్టు పడుగు చాపి
తెగిన పోగులు వెతికి వెతికి అతికేవాడు.
ఆ చివర ఆయన, ఈ చివర నేను.
"బిగించి పట్టరా, లాగకు."
పట్టుకోడానికీ లాగడానికీ తేడా
ఏడేళ్లకే నా వేళ్లకి తెలుసు.
ఇప్పుడు వీధి మొత్తానికి మగ్గాలు పదకొండు.
మధ్యాహ్నం క్రికెట్టు, రాత్రికి లారీలు.

టేపు చాపాను.
చెయ్యి దానంతటదే పోగుల కోసం తడిమింది.
"సున్నా సరిగ్గా పెట్టావా?" అటునుంచి కేక.
పెట్టాననే అన్నాను.
జానెడు లోపలికి పెట్టాను.
ఎందుకో నన్నడక్కండి.
జానెడుతో ఏ స్టేడియమూ ఆగదు.

సభ ఒడియాలో మొదలై, తెలుగులో కోపం తెచ్చుకుని,
అంకెల దగ్గర ఇంగ్లీషులోకి దిగింది.
"కటక్‌కి ఉంది, భువనేశ్వర్‌కి ఉంది, మనకేం తక్కువ?"
కౌన్సిలర్ పాణిగ్రాహి బల్ల గుద్దాడు.
"తాగునీళ్లు" అన్నారు వెనక వరసలో ఎవరో.
ఇద్దరికీ చప్పట్లు కొట్టారు,
కొందరు రెండుసార్లూ.

బొడ్డు నీలవేణమ్మ లేచింది, చంకలో గుడ్డసంచి.
"మైదానం మాదని కాయితం నేదు.
మాదని ఎప్పుడన్నాం గనక?
పొద్దుటెండ వోడుకుని, పదింటికి వొదిలేస్తాం.
ఎండకి పట్టా ఎవులిస్తారు?"

తర్వాత ఝునూ సాహు. పదిహేడేళ్లు, ఈటె విసురుతుంది.
ఈటె లేదు గనక వెదురు కర్ర.
"ముప్పై వేల కుర్చీలు నాకెందుకు సార్?
డెబ్బై మీటర్లు చదును నేల,
ఆడపిల్లలకి గడియ ఉన్న గది ఒకటి.
చూసేవాళ్లు రాకపోయినా పర్లేదు,
గేదెలు రాకపోతే చాలు."
హాలంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు.
నవ్వు అయ్యేదాకా నిలబడి, అప్పుడు కూచుంది.

తీర్మానం: మరొక సర్వే.

ఆదివారం అయిదింటికి టేపు పట్టుకెళ్లాను.
ఎవరూ చెప్పలేదు, జీతంలోనూ లేదు.
మైదానానికి ఒక పక్క నీలవేణమ్మ పడుగు, ఎర్రగా, తడిగా.
ఇంకో పక్క ఝునూ పరుగెత్తి వచ్చి విసిరింది.
"ఓలమ్మా, కాస్త అటేపు తిరిగి ఇసురు!"
పడుగు మీంచి తలెత్తకుండా నీలవేణమ్మ.

వెదురు మట్టిలో గుచ్చుకుని ఇంకా వణుకుతోంది.
గీత మీద సున్నా పెట్టాను,
ఈసారి వెంట్రుకంత తేడా లేకుండా.
నడిచాను. నడిచాను.
టేపు అయిపోయింది, ముప్పై మీటర్ల టేపు,
కర్ర ఇంకా ముందుంది.

పుల్ల ఒకటి గుచ్చి
అక్కణ్ణించి మళ్లీ సున్నా పెట్టాను.