ఇంట్లో మూడు కళ్లు

ఇంట్లో ఇద్దరం. కళ్లు మూడు.
నాలుగోది యర్రగుంట్ల పాలిష్ ఫ్యాక్టరీలో
బండ పెచ్చు ఎగిరిన దినం పోయింది.
తొమ్మిదేండ్లయింది.
అప్పటినుంచి మా కుళ్లాయప్ప
ఎడం పక్క ఎవరన్నా వస్తే తల మొత్తం తిప్పి చూస్తాడు,
కోడి మాదిరి.
నేను నవ్వుతా. ఆయనా నవ్వుతాడు.

ఈ ఎండాకాలం నాకొక పిచ్చి పట్టింది.
పోస్టాఫీసులో ముద్దరలు కొట్టి కొట్టి వచ్చి
సందేళ వరండాలో లేజర్ మిషన్ ముందు కూచుంటా.
ఫ్యాక్టరీవాళ్లు పారేసిన నల్లబండ ముక్కల మీద
గిజిగాడి గూళ్లు, గొర్రెమంద, మా వీధి కుక్క.
సూది మొనంత నీలం వెలుగు
రాతి మీద తెల్లగీతై నడిచిపోతాది.
అమ్మేది లేదు, ఎవరికీ చెప్పిందీ లేదు.

మిషన్‌తోపాటు డబ్బాలో ఆకుపచ్చ అద్దాలొచ్చినాయి, ఊరికే.
తిరగేసి చూస్తి.
ఒక అంకె లేదు, ఒక అక్షరం లేదు.
చిరునామా లేని కవరును
ఇరవై రెండేండ్లలో ఒక్కదాన్నీ ముందుకు పంపలేదు నేను,
నా కళ్లను పంపుతానా?

ఆదివారం కడపకు పోతిమి.
ఏడు రోడ్ల కాడ కళ్లద్దాల అంగడాయన
నల్లవి తీసె, ఇంకా నల్లవి తీసె,
వెల్డింగువాళ్లు పెట్టుకునేవీ తీసె.
"ఇంతకంటే చీకటి నా దగ్గర లేదమ్మా" అనె.
నాకు కావాల్సింది చీకటి కాదన్నా,
నీలాన్ని ఒక్కదాన్నే వాకిట్లో నిలబెట్టి
తక్కిన వెలుగును లోపలికి రానిచ్చే అద్దం.
ఉత్త నల్లద్దం వెనక కంటిపాప పెద్దదవుతాది,
దొంగకు తలుపు బార్లా తీసినట్టు.
ఆయన గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టి ఆలోచించె.
"అట్లాంటివి యాడా చూడలేదు" అనె.
మజ్జిగ తాగి బస్సెక్కితిమి.

ఆఖరికి తెప్పించుకుంటి.
పార్సిల్ నా టేబుల్ మీదికే వచ్చె, ముద్దర నేనే కొట్టుకుంటి.
నారింజ రంగు. చెవుల పక్కన కూడా గోడ.
కాడ మీద సన్నగా చెక్కినారు:
నూట తొంభై నుంచి నాలుగు వందల తొంభై దాకా.
నా మిషన్‌ది నాలుగు వందల యాభై.
లోపలే ఉండాది,
ఉత్తరం చేరాల్సిన వీధి ఆ పిన్‌కోడ్‌లోనే ఉన్నట్టు.
పక్కన ఇంకో అంకె, ఆరు.
అంటే పది లక్షల పాళ్ల వెలుగొచ్చి తలుపు తడితే
ఒక్క పాలే లోపలికి.
కొబ్బరినూనె డబ్బాను వాటిలోంచి చూస్తి:
నీలం చచ్చి నల్లగా నిలబడె.
ఆకుపచ్చవి పెట్టుకొని చూస్తి:
నీలం నీలంగానే ఇకిలించె.

రెండు జతలు తెప్పించినానని కుళ్లాయప్ప గొణిగె.
"మే, నాకెందుకు? నేను దూరంగానే గదా కూచునేది.
అయినా ఒంటికంటోనికి జత అంటే
సగం దుడ్లు నీళ్లపాలు."

నేనేమీ మాట్లాడలేదు.
మెరుగు పట్టిన బండ రవ్వంత వాలి ఉంటే
వెలుగు యాడికి ఎగురుతాదో ఎవరు చెప్పొచ్చినారు?
పెచ్చు ఎగిరినప్పుడు చప్పుడన్నా అయింది.
ఇది చప్పుడు చెయ్యదు.
కంటికి రెప్ప కాపలా అంటారు,
ఆ రెప్ప వాలేలోగా దీని పని అయిపోయుంటాది.
నాకైతే ఒకటి పోతే ఒకటి మిగులుతాది.
ఆయనకు ఆ లెక్క లేదు.

ఎదురింటి పిల్లోడు తొంగి చూడకుండా వరండాకు దుప్పటి కడితి.
మిషన్ పక్కనున్న స్టీలు చెంబు తీసి లోపల పెడితి.
"పెట్టుకో" అంటి.
పెట్టుకున్నాడు,
చచ్చిన కంటి పక్క అద్దాన్ని కూడా
చొక్కా అంచుతో తుడిచి.

మిషన్ నడిచె. నీలం కనపడదు ఇప్పుడు.
కాలిన సున్నం వాసన,
రాతిలోంచి తనంతట తానే పుడుతున్న గీత.

"ఏం గీస్తాండావు?" అన్నాడు.
"చూస్తా ఉండు" అంటి.