తెల్లగడ్డ పొట్టు

పెరంబూరులో మూడో అంతస్తు.
క్యారేజీ ఫ్యాక్టరీ సైరన్ మోగినా
యతిరాజు మంచం దిగలేదు,
నలభై ఒక్క రోజులు.

మొదట్లో నేను చాలా మాట్లాడాను.
ధైర్యం చెప్పాను, దేవుడి గురించి చెప్పాను,
పక్కింటి సెల్వి వాళ్ళన్న ఎట్లా తేరుకున్నాడో చెప్పాను.
ఒకసారి ఉండబట్టలేక
"పోయినవాడు నీకొక్కడికే తమ్ముడా?" అనేశాను.
ఆ మాట ఇంకా గోడకే ఉంది, మేకులాగా.
దానికి ఏదీ తగిలించలేను.

ఇప్పుడు చెప్పడం మానేశాను.
రాత్రి రెండింటికి వాడు లేచి కూర్చుంటే
నేనూ లేస్తాను.
వంటింటి లైటు చాలు.
చేటలో తెల్లగడ్డలు పోసుకుని
వాడి పక్కన చతికిలబడతాను.
ఎదురుగా కూర్చుంటే
ఏదో అడుగుతున్నట్టుంటుంది.

ఎన్ని వలిచానో!
చారులో అదే, పచ్చడిలో అదే,
నా దిండుక్కూడా అదే వాసన.
సెల్వి ముక్కు మూసుకుని నవ్వి
"సాప్టీంగళా అక్కా" అని మాత్రం అడిగి పోతుంది.
తిన్నామో లేదో, అంతే.
ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

నిన్న రాత్రి
వాడి చెయ్యి చేటలోకి వచ్చింది.
ఒక రెబ్బ తీసుకుంది.
గోళ్ళు పెరిగిపోయి పొట్టు ఊడలేదు.
అట్లాగే గుప్పిట్లో పెట్టుకు కూర్చున్నాడు
నీళ్ళ లారీ హారన్ వినబడేదాకా.

బిందెలు తీసుకుని నేను లేస్తుంటే
"ఒకటి నాకియ్యి" అన్నాడు.

ఖాళీ బిందె.
రెండు చేతుల్తో పట్టుకుని
మెట్టు మెట్టుకీ ఆగి చూసుకుంటూ దిగాడు.
వెనకాలే నేను.

గోళ్ళు ఆదివారం తీస్తాను.