లెక్కకి ఒకరు ఎక్కువ

రేంజరు సారు గోడకి నాలుగు మేకులు కొట్టి
మా కొండని ఆరేసినాడు.
పటంలో కొండకి నాలుగు రంగులు.
పచ్చది నడిచేవాళ్లకి,
పసుపుది జీవాలకి, అదీ ఆరు నెల్లే,
నీలం చెక్‌డ్యాముకి, దాని కింది మడికి.
ఎరుపు ఎవరికీ కాదు.
అక్కడ ఎర్రచందనం చెట్లకి నంబర్లుండాయి,
ఖైదీలకున్నట్టు.
కొండ వెనకవైపు పటంలోకి పట్టలా.
మధ్యాన్నం రెండింటికి ఆ దిక్కున క్వారీ పేలితే
గోడమీది రంగులన్నీ ఒకేసారి అదరతాయి.

నేను చెంగల్రాయుణ్ణి.
ముంతదొన గేటు కాడ టికెట్లు చింపతాను.
ఆదివారమైతే తెల్లారకముందే
నాగలాపురం దాటి కార్లు వస్తాయి, అన్నీ మద్రాసు నంబర్లే.
మనిషికి యాభై, కెమెరాకి నూరు.
నీళ్ల బాటిల్‌కి చీటీ అంటించి పది రూపాయలు పట్టుకుంటాను,
బాటిల్ తిరిగొస్తే పదీ తిరిగిస్తాను.
"దొనలో మొసళ్లుంటాయా అన్నా?" అని అడగతారు.
"మీరు సోపు రుద్దుకోకుంటే చాలు" అంటాను.

మొదటి దారి, రెండో దారి,
బండలమీద సున్నంతో బాణాలు గీసింది నేనే.
కొత్తగా తొక్కింది ఏమీ లేదు.
పొన్నెమ్మ మేకలు యాడ వంగినాయో బాణమూ ఆడ వంగింది.
యాడ ఆగి బలుసాకు మేసినాయో
ఆడ బెంచీ ఏసి, 'దృశ్యస్థలం' అని బోర్డు పెట్టినాము.
పోయిన నెల అదే బెంచీ కాడ
ఆమె మేకలకి రెండు నూర్లు జరిమానా రాసిందీ నేనే.
రశీదు మడిచి రొంటిన దోపుకుని
"రంగు తెలిసే మేకని యాడన్నా అమ్మతారా,
చెప్పు, కొనుక్కుంటా" అనింది.

ఇప్పుడు సాయంత్రాలు
మేకలతో పాటు బాటిళ్లూ తోలుకొస్తాది,
పొదల్లో ఏరినవి, చీటీ ఊడనివి.
"పదకొండు. నూట పది ఇయ్యి."
రూల్ ప్రకారం డబ్బు కట్టినోళ్లకే ఇయ్యాల.
రూల్ ప్రకారం ఆమె ఆడికి పోనే కూడదు.
ఎంచి ఇచ్చేస్తాను.
జరిమానాలో సగం అట్ల తీరింది.

మొన్న ఆదివారం, చూపు ఆనని వేళ,
టార్చి ఏసుకోని పుస్తకం ముగించేదానికి కూర్చున్నా.
లోపలికి పోయినోళ్లు నూట నలభై మూడు.
బయటికి వచ్చినోళ్లు నూట నలభై నాలుగు.
ఒకరు తక్కువైతే ఏం చెయ్యాలో నేర్పినారు:
విజిలు, తాడు, సారుకి ఫోను.
ఒకరు ఎక్కువైతే ఏం చెయ్యాలో
ట్రైనింగులో ఎవురూ చెప్పలా.

మళ్లీ ఎంచినా. వేలు తడి చేసుకోని ఎంచినా.
అప్పుడు గుర్తొచ్చింది. టోపీల గుంపు ఎనకాల
పొగవాసనతో ఒక మనిషి దాటిపోయినాడు,
భుజాన మోకు, చేతిలో గుడ్డ కట్టిన డబ్బా.
మానికల పోలయ్య.

కాలనీలో ఆయన గడప ముందర నిలబడితిని.
"యాడనించి లోపలికి పోయినావు మామా, టికెట్ లేదే?"
ముంజేతిలో దిగిన ఈగ ముల్లు గోటితో తీసుకుంటా
రవ్వంతసేపు ఆలోచించినాడు,
నిజంగానే తేదీ ఎతుకుతున్నట్టు.
"మా యమ్మ నన్ను కనింది దొనమీది చరియ కింద.
గేటు అప్పటికి లేదు.
నేను బయటికి వచ్చిందే అబ్బయా,
లోపలికి పొయ్యింది లేదు."
పట్టులో ఒక ముక్క విరిచి నా చేతిలో పెట్టినాడు.

పుస్తకంలో మనిషికి గడి ఉండాది, కెమెరాకి ఉండాది,
జీవాలకి, కట్టెమోపులకి, బాటిళ్లకి ఉండాది.
చివర రిమార్కుల గడి ఎప్పుడూ ఖాళీయే.
ఏం రాద్దామన్నా పెన్ను ఏళ్లకి అంటుకుంటా ఉండాది.
పొద్దున సారు వస్తాడు, ఎంచతాడు.
ఆయన ఏం ఎంచినా సరే,
ఆదివారమూ సోమవారమూ
అతుక్కోని పోయినాయి,
పేజీ తిరగలా.