రెండు వేళ్ళ జాగ

ఎర్రగడ్డ ఆదివారం సంతల
పద్దెనిమిది వందలకు బేరమాడి తెచ్చిన ఫ్రిజ్ ఇది.
ఒకప్పుడు ఏదో కిరాణా కొట్టుల కూల్ డ్రింకులు మోసింది.
తలుపు మీది స్టిక్కర్ ఎంత గీకినా
ఒక సీసా మెడ ఇంకా మిగిలే ఉంది.

లాలాపేట్‌ల మా మెట్ల కింద ఇరికించిన.
పక్కన చీపురు, పాత కూలర్ గడ్డి,
వెనక గోడకు జానెడు సందు.

బయట మే నెల.
నలభై రెండు డిగ్రీల పట్నంల
పద్దెనిమిదే కావాలంటది ఈస్టు.
నాకన్నా నాజూకు ప్రాణం.

డాబా మీద మొలకెత్తించి, ఎండబెట్టి,
మిక్సీ కాలిన వాసనొచ్చేదాక పట్టిన బార్లీ,
కొరియర్‌ల వచ్చిన చేదు పూల పొట్లం,
ఇరవై లీటర్ల డబ్బా, అన్నీ కుదిరినయి.
కుదరనిది ఒక్కటే:
మూత మీద నిలబడాల్సిన బుడగల గొట్టం
ఫ్రీజర్ పెట్టెకు తగులుతుంది.
రెండు వేళ్ళ జాగ తక్కువ.

మొదటిసారి ఆలోచించలే.
గొట్టం పీకి, మూత బిగించి పండుకున్న.
రాత్రి రెండింటికి
మెట్ల కింద ఢామ్మన్నది.
పైవాటా విశ్వంభరం సార్ లుంగీతోనే ఉరికొచ్చిండు,
సిలిండర్ అనుకొని.
ఫ్రిజ్ లోపలి బల్బు మీదికెళ్ళి
నురుగు బొట్టుబొట్టుగ కారుతుంటే
మా మణెమ్మ నడుం మీద చెయ్యేసుకొని అన్నది:
"ఇడ్లీ పిండికే నేను సగం గిన్నె ఖాళీ ఇడుస్త.
నువ్వేం చదివినవ్?"

మెకానిక్ జహంగీర్ వచ్చిండు.
పక్కగోడకు బొక్క కొడదామంటే
డాక్టర్ లెక్క అటిటు తట్టి చూసి,
"లోపల నరాలున్నయ్ అన్నా,
యాడికెళ్ళి పోతయో నాక్కూడ తెల్వదు.
ఒక గ్యాసు పంపబోతే రెండు పోతయ్" అన్నడు.
చాయ్ తాగిండు. పైసలు తీసుకోలే.

మల్లా డబ్బా నింపి, ఈసారి మూత జర వదులు చేసిన.
మర్నాడు తలుపు తీసి, అగ్గిపుల్ల గీసి లోపల పెడితే
ఆరింది.
ఇంకోటి గీసిన. ఆరింది.
కంటికేం కనపడదు, ముక్కును మాత్రం సూది లెక్క పొడిచింది.
చల్లగ, బరువుగ
నా పాదాల మీదికి దిగి
చీపురు కిందికెళ్ళి పాకింది.
తల తిరిగినట్లయి
వాకిట్లకొచ్చి నిలబడ్డ.

లస్మయ్య తాత యాదికొచ్చిండు.
ఈత చెట్టు మీద లొట్టికి ఎన్నడు మూత పెట్టలే.
పొంగితే పొంగింది, ఈగలు పడితే పడ్డయ్,
ఒంపేటప్పుడు వడగట్టి ఇచ్చేటోడు.
ఆకాశమంత ఖాళీ ఉండె ఆయన కుండ మీద.

తొవ్వ దొరికింది మణెమ్మకే.
నురుగు మరకలు తుడుస్తుంటే
వెనక గోడల, అడుగున,
మంచు కరిగిన నీళ్ళు పొయ్యే చిన్న తూము.
చీపురు పుల్ల పెట్టి తిప్పింది.
మురికి, ఎవరిదో ఎండిన కొత్తిమీర కాడ.
"గిండ్ల పట్టదా నీ పైపు?"

పట్టింది.
చేపల తొట్లు అమ్మే దుకాణంల కొన్న సన్న పైపు
మూత మీదికెళ్ళి అడ్డంగ వంగి, తూముల దూరి,
కంప్రెసర్ పక్కకెళ్ళి బయటికొచ్చి
సగం నీళ్ళున్న పచ్చడి సీసాల మునిగింది.

గంట సేపు ఏం లేదు.
మాగాయ వాసన తప్ప.
తర్వాత గుటుక్.
పది సెకండ్లకు ఇంకోటి.

ఇప్పుడు విశ్వంభరం సార్ మెట్లు దిగుతూ
"ఎట్లున్నడు మీ పేషెంటు?" అంటడు రోజూ.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
ఫ్రిజ్ ఒకసారి వణికి ఆగింది.
గల్లీల కూలర్లన్నీ ఆగినయ్.
దూరంగ రైలు కూడ పోయినంక
చీకట్ల పచ్చడి సీసా ఒక్కటే మిగిలింది.
వేడికేమో, జర జల్దీ తీస్తుంది ఊపిరి.
మెట్టు మీద కూసోని లెక్కపెడుతున్న.

"పండుకోరాదు," లోపలికెళ్ళి మణెమ్మ.
"నువ్వు కావలుంటే మంచిగైతదా అది?"
"ఆరు సెకండ్లకొకటి" అన్న.
మాట్లాడలే.
కొద్దిసేపటికి విసనకర్రతోని వచ్చింది.
మెట్టు ఇరుకు.
జర జరిగిన.